టీ నీళ్ళు మరిగేలోగా

గత సంచికలో మాటవరసకి ఒక ముక్క అన్నాను. ఇంగ్లండ్‌లో ధర ముందే చెప్తారు, మనసులో మాట చెప్పరు; అమెరికాలో మనసులో మాట ముందే చెప్పేస్తారు, ధర మాత్రం చివరిదాకా చెప్పరు అని. దాని మీద ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మంది నిజమే అన్నారు, మిగతా సగం నన్ను విమానం ఎక్కమన్నారు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నా సంగతి: 1984లో పెళ్ళయ్యి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్ళాను. ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాం. అందులో పంతొమ్మిదేళ్ళు ఒక మందుల షాపు కౌంటరు వెనక గడిచాయి. మావారి ఉద్యోగం మారడంతో 2013లో అమెరికాకి, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ వచ్చి పడ్డాం. పాస్‌పోర్టు ఇంకా బ్రిటన్‌దే. యాస కూడా అక్కడిదేనని మా మనవరాలు వెక్కిరిస్తూ ఉంటుంది.

ప్ర: ధర దాస్తారని ఎలా అంటారు మేడమ్? ప్రతి వస్తువు కిందా రేటు రాసే ఉంటుంది కదా! పైగా ఇంగ్లండ్‌లో పన్ను ఇక్కడికన్నా ఎక్కువ. (ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు)

జ: రాసి ఉంటుంది నాయనా. రాసినదే ఇస్తే తీసుకోరు, అదీ గొడవ.

వచ్చిన మొదటి వారం సబ్బుల పెట్టె కొన్నాను. కింద 4.99 అని ఉంది. లెస్టర్ అలవాటు కదా, వెనకున్నవాళ్ళని నిలబెట్టకూడదని వరసలో ఉండగానే అయిదు డాలర్ల నోటు చేతిలో పట్టుకున్నాను. ఇచ్చేశాక కూడా ఆ అమ్మాయి చెయ్యి చాపే ఉంచింది. చిల్లర వాళ్ళే ఇస్తారు కాబోలనుకుని నేనూ చాపాను. ఇద్దరం అలా చేతులు చాపుకుని కాసేపు నవ్వుకున్నాం.

పన్ను అక్కడే ఎక్కువన్నారు, ఒప్పుకుంటాను. వ్యాట్ 20 శాతం. కానీ టీలో పంచదారలా ముందే కలిసిపోయి వస్తుంది, విడిగా కనపడదు. ఇక్కడ రాసిన ధర మీద కౌంటరు దగ్గర కలుపుతారు: ఒహాయో రాష్ట్రానిది 5.75 శాతం, దాని మీద కౌంటీది, అంటే మన జిల్లా లాంటిదానిది. కౌంటీ దాటితే అదే సబ్బుకి ఇంకో లెక్క. ఆరెగాన్ వెళ్తే అసలు పన్నే లేదు. మా రాష్ట్రంలో ఇంకో వింత ఉంది: తిండి ఇంటికి పట్టుకెళ్తే పన్నుండదు, అక్కడే కూర్చుని తింటే ఉంటుంది. "ఇక్కడ తింటారా, పట్టుకెళ్తారా?" అని అడిగితే మర్యాదకి అడుగుతున్నారని చాలాకాలం అనుకున్నాను.

ఇంగ్లండ్ వాళ్ళేదో మహా తిన్నగా ఉంటారని మాత్రం అనుకోకండి. అక్కడ కేకు మీద వ్యాట్ లేదు, చాకొలెట్ పూసిన బిస్కెట్టు మీద ఉంది. నారింజ జెల్లీ పెట్టి పైన చాకొలెట్ పూసే జాఫా కేక్స్ కేకులా బిస్కెట్లా అన్నది తేల్చడానికి 1991లో పన్నుల ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. నిలవుంటే కేకు గట్టిపడుతుంది, బిస్కెట్టు మెత్తబడుతుంది, ఇది గట్టిపడుతోంది కాబట్టి కేకే అన్నది అక్కడ నడిచిన వాదనల్లో ఒకటి. చివరికి కేకే గెలిచింది. నేను రుచి చూసి చెప్తున్నాను, అది బిస్కెట్టే.

ప్ర: టిప్పు ఎంత ఇవ్వాలి అక్కా? ఇప్పుడు కాఫీ దగ్గర కూడా టిప్పు ఎంతో నొక్కమని స్క్రీను తిప్పి చూపిస్తున్నారు. (డాలస్ పాఠకురాలు)

జ: కూర్చోబెట్టి వడ్డించిన చోట 18 నుంచి 20 శాతం ఇచ్చెయ్యి, గొణక్కుండా. మొదట్లో నేనూ గొణిగాను. ఫెడరల్ చట్టంలో టిప్పులు తీసుకునే పనివాళ్ళ కనీస కూలి 1991 నుంచి గంటకి 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయిందని తెలిశాక నోరు మూసుకున్నాను. మా ఒహాయో లాంటి రాష్ట్రాలు ఇంకొంచెం ఎక్కువిస్తాయి, అంతే. బ్రిటన్‌లో టిప్పులొచ్చినా రాకపోయినా కనీస కూలి పూర్తిగా ఇవ్వాల్సిందే. స్క్రీను తిప్పే కాఫీ దగ్గర మాత్రం నీ ఇష్టం. నేను ఇవ్వను, కాకపోతే ఆ పిల్ల కళ్ళలోకి కూడా చూడను.

ప్ర: మా అత్తగారు బర్మింగ్‌హామ్‌లో ఇరవై ఏళ్ళున్నారు. అక్కడి వైద్యం దేవుడిచ్చిన వరం అంటారు. మావారేమో అమెరికా వైద్యానికి సాటి లేదంటారు. భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. మీరు చెప్పండి. (ఫీనిక్స్ నుంచి ఒక కోడలు)

జ: మీ ఇంటి పంచాయితీ తీర్చడానికి నాకు రెండు చేతులూ చాలవమ్మా, అందులోనూ ఒకటి విరిగి అతికింది.

2019 ఫిబ్రవరిలో మా గుమ్మం ముందు గడ్డకట్టిన మంచు మీద జారాను. కుడి మణికట్టు విరిగింది. తీసుకెళ్ళిన ఆస్పత్రి పేరు ఎందుకు గానీ, ఇరవై నిమిషాల్లో ఎక్స్‌రే తీశారు, గంటన్నరలో కట్టు పడింది. నర్సమ్మ నన్ను 'స్వీటీ' అంది. కాచి తెచ్చిన దుప్పటి కప్పింది. అంత నొప్పిలోనూ ఆ వెచ్చదనానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. లెస్టర్‌లో అయితే ప్లాస్టిక్ కుర్చీలో నాలుగైదు గంటలు కూర్చునేదాన్ని. ఇంగ్లండ్‌లో అత్యవసర విభాగానికి వచ్చినవాళ్ళలో 95 శాతం మందిని నాలుగు గంటల్లోపు చూసి పంపాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2015 జులై తరవాత దేశం మొత్తం మీద ఆ లక్ష్యం అందుకున్న నెల లేదు. నా స్నేహితురాలు తుంటి ఆపరేషన్ కోసం ఏడాది పైన ఎదురుచూసింది. కాబట్టి మీవారి పక్షాన ఒక ముద్ద వడ్డించండి.

ఇక మీ అత్తగారి వంతు. మూడు వారాలయ్యాక బీమా కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల కాయితం నిండా అంకెలు, పైన పెద్దక్షరాల్లో 'ఇది బిల్లు కాదు' అని. బిల్లు కాకపోతే నా గుండె ఎందుకు ఆపినట్టు? తరవాత అసలు బిల్లు వచ్చింది, అది ఆస్పత్రిది. నన్ను చూసిన డాక్టరుది విడిగా వచ్చింది. పదిహేను రోజులకి ఇంకొకటి, నేను మొహం కూడా చూడని ఒకాయన నా ఎక్స్‌రే చూసినందుకు. మా బీమాలో మొదటి 3,000 డాలర్లు మేమే పెట్టుకోవాలి, దాన్ని డిడక్టిబుల్ అంటారని ఆ నెలలోనే నేర్చుకున్నాను. మావారు ఒక ఫైలు తెరిచి పైన 'చెయ్యి' అని రాశారు. అది మా గ్రీన్‌కార్డు ఫైలు కన్నా లావయింది.

లెస్టర్‌లో మావారికి అపెండిక్స్ తీసినప్పుడు, వైద్యం ఖర్చు ప్రభుత్వానిదే కాబట్టి, మా జేబులోంచి వెళ్ళినవి కారు పార్కింగు డబ్బులు మాత్రమే. వాటికే ఆయన వారం రోజులు సణిగారు.

మందుల సంగతి చెప్పకుండా ఉండలేను, అది నా వృత్తి. ఇంగ్లండ్‌లో డాక్టరు రాసిన మందుకి, రెండు పౌన్లది కానీ రెండు వేల పౌన్లది కానీ, ఒక్కోదానికి 9.90 పౌన్లు ఇస్తే చాలు. అరవై దాటితే అదీ లేదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఎవరికీ లేదు. పంతొమ్మిదేళ్ళలో "ఇది ఎంతవుతుంది?" అని భయంగా అడిగినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ మొదటిసారి నా బీపీ మాత్రలకి వెళ్తే కౌంటరు దగ్గర కుర్రాడు గొంతు తగ్గించి, "బీమా వాడకపోతేనే మీకు చవక" అన్నాడు. అర్థం కాలేదు, రెండుసార్లు అడిగాను. ఒకప్పుడు ఈ ముక్క చెప్పకుండా ఫార్మసిస్టుల నోరు కాంట్రాక్టులతో కట్టేసేవారట. 2018లో చట్టం చేసి ఆ కట్టు విప్పారు. అందుకని మీరు ప్రతిసారీ రెండు ధరలూ అడగండి, సిగ్గుపడొద్దు.

ఇంకో విషయానికి నేను నిజంగా అదిరిపడ్డాను. అక్కడ మాత్రలన్నీ రేకు పట్టీల్లో, పెట్టెల్లో ఇస్తాం. నారింజరంగు సీసాలో విడి మాత్రలు పోసిస్తే నాకు పప్పుబెల్లాలు గుర్తొచ్చాయి. పారాసిటమాల్‌కి ఇక్కడ పేరు వేరు, అసెటమినోఫెన్ అంటారు. బ్రిటన్‌లో ప్రాణం తీసుకునేవాళ్ళ చేతికి సులభంగా అందకూడదని 1998లో నియమం పెట్టారు: మామూలు షాపులో పెట్టెకి 16 మాత్రలు, మందుల షాపులో 32. మూడో పెట్టె అడిగితే నేను మొహం చూసి మాట కలిపేదాన్ని, ఇచ్చేదాన్ని కాదు. ఇక్కడ 500 మాత్రల సీసా చిప్స్ పొట్లాల పక్క వరసలో ఉంది, ఎవరూ మొహం చూడరు. ఒకటి కొన్నాను. గడువు దాటిపోయింది, ఇంకా సగం కూడా అవలేదు.

ఇక మీకు పనికొచ్చే మాట. 'ఇది బిల్లు కాదు' అన్న కాయితం పారెయ్యకండి. తరవాత వచ్చే ప్రతి బిల్లునీ దాని పక్కన పెట్టి అంకెలు కలిశాకే డబ్బు కట్టండి. కలవకపోతే ఫోన్ చేసి వరసవారీ బిల్లు అడగండి. అత్యవసరంగా వెళ్ళినప్పుడు బీమా నెట్‌వర్కులో లేని, అంటే మన బీమా కంపెనీతో ఒప్పందం లేని డాక్టరు చూసినా అదనంగా వెయ్యకూడదని 2022 జనవరి నుంచి చట్టముంది. రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకి మాత్రం అది వర్తించదు. ఇక భోజనాల దగ్గర ఎవరు గెలిచారో నాకు రాయండి.

ప్ర: లండన్ వెళ్ళినప్పుడు ముచ్చటపడి కెటిల్ కొన్నాను. ఇక్కడ అడాప్టర్ పెట్టి వాడితే ఎంతసేపటికీ కాగదు. చెడిపోయిందా పిన్నీ? (షార్లట్ నుంచి)

జ: చెడిపోలేదు తల్లీ, ఆకలితో ఉంది.

అక్కడ గోడలోంచి వచ్చేది 230 వోల్టులు, ఇక్కడ 120. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ కరెంటుని మార్చదు. వోల్టేజి సగమైతే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. మూడువేల వాట్ల కెటిల్ ఇక్కడ ఎనిమిదివందల చిల్లరకి దిగిపోతుంది. దాన్ని అటకెక్కించి ఇక్కడిదే కొను. అదీ 1500 వాట్లే. లీటరు నీళ్ళు లెస్టర్‌లో రెండు నిమిషాల్లో మరిగితే కొలంబస్‌లో దాదాపు నాలుగు. నన్ను మండించేదేమిటంటే, ఇదే ఇంట్లో బట్టలారబెట్టే యంత్రానికి 240 వోల్టుల ప్లగ్గు విడిగా ఉంది. తువ్వాళ్ళకున్న గౌరవం టీకి లేదు.

అందుకే ఇక్కడివాళ్ళు కప్పులో నీళ్ళు పోసి మైక్రోవేవ్‌లో పెట్టేస్తారు. 2024 జనవరిలో ఒక అమెరికన్ రసాయనశాస్త్ర ప్రొఫెసరమ్మ టీలో చిటికెడు ఉప్పు వెయ్యమంది. బ్రిటన్ అంతా గగ్గోలు. లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆ ఉప్పు మా అధికారిక విధానం కాదు, మేము మాత్రం పద్ధతిగా మైక్రోవేవ్‌లోనే పెట్టుకుంటాం అని. వేళాకోళమే, కానీ మావారు రెండు రోజులు కోపంగా ఉన్నారు.

ప్ర: ఇంగ్లండ్‌లో పదిహేనేళ్ళు కారు నడిపి సిన్సినాటి వచ్చాను. మళ్ళీ పరీక్ష రాయాలట! (కొత్తగా వచ్చిన సోదరుడు)

జ: నేను ఇరవై రెండేళ్ళు నడిపి రాశాను, నువ్వూ రాయి. ఒహాయోలో రెండు కార్ల మధ్య దూర్చి పార్కు చేసే పరీక్ష ఉండదు, సంతోషించు. దాని బదులు తొమ్మిదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవుండి నాలుగు మూలలా గుర్తులు పెట్టిన గడిలోంచి ముందుకెళ్ళి, ఎదురుగా ఉన్న అయిదో గుర్తుకి ఒక పక్కగా వంగి, మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. నేను పక్కింటివాళ్ళ చెత్తడబ్బాలు అరువు తెచ్చుకుని వాకిట్లో సాధన చేశాను. రెండు డబ్బాలు సొట్టపోయాయి.

నాలుగు వైపులా 'ఆగు' బోర్డుండే కూడలి దగ్గర ముందొచ్చినవాడు ముందు వెళ్ళాలి. ఇంగ్లండ్‌లో పెరిగిన మర్యాద ఇక్కడ పనికిరాదు. "ముందు మీరు" అని చెయ్యి ఊపావా, నలుగురూ అయోమయంలో పడతారు. పసుపుపచ్చ స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే వెనకవాళ్ళే కాదు, ఎదురొచ్చేవాళ్ళూ ఆగాలి. మా రాష్ట్రంలో నాలుగు లేన్లు, అంతకన్నా వెడల్పున్న రోడ్డయితే ఎదుటివాళ్ళకి మినహాయింపుంది.

రౌండబౌట్ల మీద, అదే, మధ్యలో దిమ్మ చుట్టూ తిరిగెళ్ళే కూడళ్ళ మీద బెంగ పెట్టుకుంటే పక్కనున్న ఇండియానాలో కార్మెల్ అనే ఊరికి వెళ్ళు. అక్కడ 150కి పైగా ఉన్నాయి. చాలాకాలం మేయరుగా చేసిన జిమ్ బ్రెయినార్డ్ చదువుకునే రోజుల్లో ఇంగ్లండ్‌లో వాటిని చూసి ముచ్చటపడి, 1990లలో తన ఊళ్ళో కట్టించడం మొదలుపెట్టారు. మా పెళ్ళిరోజుకి మావారు నన్నక్కడికే తీసుకెళ్ళారు. భోజనానికి కాదు, తిరగడానికి.

ప్ర: ఇంగ్లండ్ అంత బాగుంటే మీరు వెనక్కి వెళ్ళొచ్చు కదా? ఇక్కడి తిండి తింటూ ఇక్కడివాళ్ళని ఎద్దేవా చెయ్యడం ఏం మర్యాద? (హ్యూస్టన్ పాఠకుడు)

జ: ఆ రెండో వాక్యం నాకు గుచ్చుకుంది. చెప్తాను వినండి.

నాకిక్కడ నచ్చినవాటిలో మొదటిది, నవ్వకండి, తపాలా పెట్టెకున్న ఎర్ర జెండా. ఉత్తరం పెట్టి జెండా ఎత్తితే పోస్టాయనే పట్టుకెళ్తాడు. పైగా ఆ పెట్టెలో తపాలా శాఖ తప్ప ఇంకెవరూ ఏమీ వెయ్యకూడదని చట్టం. లెస్టర్‌లో తలుపు కన్నంలోంచి రోజూ పిజ్జా కాయితాలు రాలేవి. రెండోది మా కొలంబస్ గ్రంథాలయం. 2017లో ఆలస్య రుసుములన్నీ ఎత్తేశారు. ఆ కబురు విని మావారు దొంగచాటుగా కారులోంచి మూడు పుస్తకాలు తెచ్చారు. మూడోది, జనవరిలో ఇల్లు ఇల్లంతా వెచ్చగా ఉండటం. లెస్టర్‌లో వంటింట్లో రెండు స్వెటర్లు వేసుకుని పప్పు తాలింపు వేసేదాన్ని.

అసలు సంగతి మనుషులది. కొలంబస్‌లో దిగిన మూడో రోజు పక్కింటాయన చెయ్యి కలిపి, పది నిమిషాల్లో తన విడాకులు, కొలెస్ట్రాల్, కూతురి కోర్టు కేసు అన్నీ చెప్పేశాడు. ఎటు చూడాలో తెలియక నేను గడ్డి చూస్తూ నిలబడ్డాను. ఆ శీతాకాలం అంతా తెల్లారేసరికి మా వాకిట్లో మంచు ఎత్తేసి ఉండేది. ఎవరన్నది నెల తరవాత గానీ తెలియలేదు. ఈ మాట మాత్రం ఆయన చెప్పలేదు.

లెస్టర్‌లో గోడ అవతలావిడతో ఇరవై తొమ్మిదేళ్ళు వాన గురించే మాట్లాడాను. ఆమె భర్త పోయిన వారం కంచె దగ్గర కలిసి, "ఈ వారం కాస్త ఇబ్బందిగా గడిచింది" అంది. అంతే. నేను టీ పెట్టి తీసుకెళ్ళాను. ఇద్దరం మాట్లాడకుండా తాగాం. మేము ఊరు వదిలే రోజు రోడ్డు చివరిదాకా నడిచొచ్చి, "వాన పడేలా ఉంది, జాగ్రత్త" అంది. ఆ వాక్యంలో ఏముందో నాకు తెలుసు. పక్కింటాయనకి చెప్పినా అర్థం కాదు. ఆయన మంచు సంగతి ఆమెకి అర్థమవుతుందనుకుంటాను.

వెనక్కి వెళ్ళాలనిపించేది ఒక్క నడకకే. ఇంగ్లండ్‌లో రైతు పొలం మధ్యనుంచైనా సరే, కాలిబాట హక్కుగా ఉన్న చోట గేటు తీసుకుని దర్జాగా నడవొచ్చు. ఇక్కడ మా వీధి కాలిబాట నాలుగిళ్ళు దాటాక ఉన్నట్టుండి గడ్డిలో మాయమైపోతుంది. అర మైలు దూరంలోని షాపుకి నడిచెళ్తుంటే ఇద్దరు కార్లాపి, "మీ కారు చెడిపోయిందా?" అని అడిగారు. పాపం, దిగబెడతామన్నారు కూడా.

ప్ర: మా బాస్ లండన్ ఆయన. ఆరు నెలలు కష్టపడి చేసిన నా పని చూసి 'క్వైట్ గుడ్' అన్నాడు. పార్టీ చేసుకోనా? (షికాగో కుర్రాడు)

జ: ఆగు బాబూ. అమెరికావాళ్ళు ఆ మాటంటే 'చాలా బాగుంది' అని. ఇంగ్లండ్‌వాళ్ళంటే 'పర్లేదు' అని. 'నాట్ బ్యాడ్' అన్న రోజున పార్టీ చేసుకో. 'ఆసక్తికరంగా ఉంది' అంటే మాత్రం రాత్రికి కూర్చుని మొత్తం తిరగరాయి.

ప్ర: అమ్మమ్మగారూ, జులై 4న మీరేం చేస్తారు? మీరు ఓడిపోయిన పక్షం కదా! (సియాటిల్ నుంచి, తొమ్మిదో తరగతి)

జ: గడుసుదానివే. అమెరికా బ్రిటన్‌ని వదిలించుకున్న 1776 లెక్కన ఓడిపోయాను, మనం వదిలించుకున్న 1947 లెక్కన గెలిచాను. అందుకని నాకు బాణసంచా ఎవరు కాల్చినా అభ్యంతరం లేదు. ఇంగ్లండ్‌లో నవంబరు 5న కాలుస్తారు. 1605లో పార్లమెంటు కింద మందుగుండు పెట్టి రాజుని పేల్చెయ్యబోతే ఆయన తప్పించుకున్నందుకు. ఇక్కడేమో రాజునుంచి తప్పించుకున్నందుకు.

ఆ రోజు పక్కింటాయన పెరట్లోనే మా భోజనం. నేను బంగాళాదుంపల సలాడ్ పట్టుకెళ్తాను. ఆయన ఏటా నా కోసం బకెట్టు నీళ్ళు పెట్టి, అందులో ఒక టీ పొట్లం పడేసి, "బోస్టన్ గుర్తుందా?" అంటాడు. బ్రిటన్ వేసిన పన్ను మీద కోపంతో బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేసింది డిసెంబరు 16న, 1773లో, జులైలో కాదని నేను ఏటా దిద్దుతాను. ఏటా వినడు. పోయిన ఏడాది దిద్దలేదు. కుర్చీ లాక్కుని బకెట్టు పక్కన కూర్చున్నాను. అయిదు నిమిషాలాగి, పాలేవని అడిగాను.